టవర్ ఏ బ్యాండ్‌లో పలుకుతోంది?
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక్కసారి మీ ఫోన్లు బయటికి తీయండి. పైన మూలన గీతలు కనిపిస్తున్నాయి కదా. కొందరికి నాలుగు, కొందరికి రెండు. పక్కనే 4జీ అనో, 5జీ అనో ఉంటుంది. ఇప్పుడు చెప్పండి, ఈ నిమిషంలో మీ ఫోన్ ఏ ఫ్రీక్వెన్సీ మీద టవర్‌తో మాట్లాడుతోంది? 700 మెగాహెర్ట్జా? 1800 మీదా? 3500 మీదా?

మూడు చేతులే లేచాయి. మిగతావాళ్లకు తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు. గీతలు ఆ సంగతి చెప్పవు. ఏ బలానికి ఎన్ని గీతలు వేయాలన్నది ఫోన్ తయారుచేసేవాళ్లూ ఆపరేటర్లూ పెట్టుకున్న లెక్క. 4జీ అన్న మాటా చెప్పదు. 4జీ అంటే ఫోనూ టవరూ మాట్లాడుకునే భాష. ఒకే భాషను సన్నగా పలకొచ్చు, బొంగురుగా పలకొచ్చు. ఆ గొంతు ఏదో పట్టుకోవడమే ఇవాళ మన పని.

నేను ఇందులోకి ఎలా వచ్చానో చెబుతాను. ఇంట్లో సిగ్నల్ సరిగా అందేది కాదు. పైకప్పు మీద పెట్టే యాంటెన్నా ఒకటి కొన్నాను. అమ్మిన మనిషి "ఇది 4జీ యాంటెన్నా" అన్నాడు, నేను నమ్మాను. ఎక్కి బిగించాను, కేబుల్ లాగాను, రౌటర్‌కు తగిలించాను. అంతకుముందు వచ్చే కాస్త సిగ్నల్ కూడా పోయింది. రెండు రోజులు టవర్ వైపు తిప్పుతూ, కనెక్టర్లు విప్పుతూ బిగిస్తూ గడిపాను. మూడో రోజు యాంటెన్నా వెనక అంటించిన స్టిక్కర్ చదివాను. 1700 నుంచి 2700 మెగాహెర్ట్జ్ దాకా పనిచేస్తుందట. మా టవర్ మాకు పంపుతున్నది 850. యాంటెన్నా మంచిదే, టవరూ మంచిదే. ఆ రెంటికీ మధ్య పొత్తు కుదరలేదంతే. కొనేముందు నేను ఒక్క నంబర్ చూసి ఉంటే సరిపోయేది. ఆ నంబర్ ఎక్కడుంటుందో, ఎలా చదవాలో మీకు చూపించాలని వచ్చాను.

ముందు ఫ్రీక్వెన్సీ మారితే ఏం మారుతుందో చూద్దాం. 700 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 43 సెంటీమీటర్లు, అంటే మూర బారు కన్నా కొంచెం తక్కువ. 1800కి వస్తే జానెడు కూడా ఉండదు, 17 సెంటీమీటర్లు. 3500కి తొమ్మిది సెంటీమీటర్ల లోపు. 5జీలో వాడే 26 గిగాహెర్ట్జ్‌కు ఒక సెంటీమీటరు పైన ఒకటిన్నర మిల్లీమీటర్లు. పొడవైన తరంగం గోడలు దాటి, మలుపులు తిరిగి లోపలి గదికి చేరుతుంది. పొట్టిది అంత దూరం రాలేదు. గోడ అడ్డమొస్తే చాలావరకు చచ్చిపోతుంది, 26 గిగాహెర్ట్జ్‌కైతే మన అరచెయ్యి అడ్డం పెట్టినా తేడా తెలుస్తుంది.

అలాగైతే అందరూ 700 మీదే ఉండొచ్చు కదా అంటే, అక్కడ చోటు లేదు. బ్యాండ్ అంటే పక్కపక్కనే ఉన్న ఫ్రీక్వెన్సీల ముక్క. కింది బ్యాండ్లలో ఒకటైన 850 మొత్తం తీసుకుంటే టవర్ నుంచి ఫోన్‌కు 25 మెగాహెర్ట్జ్, ఫోన్ నుంచి టవర్‌కు 25. అంతే. దాన్నే ఆపరేటర్లందరూ పంచుకోవాలి. 5జీలో ఎన్78 అనే బ్యాండ్ 3300 నుంచి 3800 దాకా ఉంటుంది, 500 మెగాహెర్ట్జ్ వెడల్పు. కింది బ్యాండ్ దూరం పోయే సన్నదారి అనుకుంటే, పై బ్యాండ్ దగ్గర్లోనే ఆగిపోయే వెడల్పాటి రోడ్డు. అందుకే ప్రతి ఆపరేటరూ రెండు మూడు రకాలు దగ్గర పెట్టుకుంటాడు. మీ ఇంట్లో సిగ్నల్ నిండుగా ఉండి కూడా వీడియో ఆగి ఆగి వస్తోందంటే, చాలాసార్లు మీరు ఆ సన్నదారిలో పదిమందితో కలిసి నడుస్తున్నారన్నమాట.

ఇక బ్యాండ్ నంబర్లు. వీటిని పెట్టేది 3జీపీపీ అనే ప్రమాణాల సంస్థ, 1998లో ఏర్పడింది. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. బ్యాండ్ 1 అంటే అన్నిటికన్నా కిందిది కాదు, అది 2100 మెగాహెర్ట్జ్. బ్యాండ్ 3 అంటే 1800. బ్యాండ్ 5 అంటే 850, బ్యాండ్ 8 అంటే 900, బ్యాండ్ 28 అంటే 700, బ్యాండ్ 71 అంటే 600. నంబర్ పెరిగితే ఫ్రీక్వెన్సీ పెరుగుతుందన్న రూలేమీ లేదు. కొత్త బ్యాండ్లు వచ్చేకొద్దీ నంబర్లు ఇస్తూ పోయారు. 5జీ బ్యాండ్ల ముందు ఎన్ అన్న అక్షరం చేర్చారు. 4జీలో బ్యాండ్ 28, 5జీలో ఎన్28, రెండూ అవే ఫ్రీక్వెన్సీలు.

ఒక బ్యాండ్ అంటే చాలావరకు రెండు ముక్కలు. బ్యాండ్ 3నే తీసుకోండి. ఫోన్ పంపేది 1710 నుంచి 1785, టవర్ పంపేది 1805 నుంచి 1880. రెంటి మధ్య ఎప్పుడూ 95 మెగాహెర్ట్జ్ ఎడం. కింది ముక్కను ఫోన్‌కు ఇవ్వడానికి కారణం ఉంది. ఫోన్‌లో ఉన్నది చిన్న బ్యాటరీ, టవర్‌కు కావలసినంత కరెంటు. కింది ఫ్రీక్వెన్సీకి దారిలో నష్టం తక్కువ కాబట్టి బలహీనుడికి అది ఇచ్చారు. ఇది నాకు బాగా నచ్చిన ఏర్పాటు. కానీ ఐరోపాలో వాడే బ్యాండ్ 20లో ఇది తలకిందులుగా ఉంటుంది. టవర్‌కు 791 నుంచి 821, ఫోన్‌కు 832 నుంచి 862. దానికి ఆనుకుని కింద టీవీ ప్రసారాలు ఉండేవి. ఇంటింటా ఫోన్లు టీవీ పక్కనే కూర్చుని ప్రసారం చేస్తే బొమ్మ చెడుతుందని ఫోన్లను పైకి జరిపారు. బ్యాండ్ 40, ఎన్78 లాంటివాటిలో రెండు ముక్కలు ఉండవు. ఒకే ఫ్రీక్వెన్సీని టవరూ ఫోనూ వంతులవారీగా వాడుకుంటాయి.

సరే, మీ ఆపరేటర్ ఏ బ్యాండ్లు వాడుతున్నాడో తెలుసుకోవడం ఎలా? మొదటి దారి కాగితం. ఫ్రీక్వెన్సీ ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు వాడుకునేది కాదు. ప్రపంచ స్థాయిలో ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ ఐటీయూ ఏ పనికి ఏ భాగమో నిర్ణయిస్తుంది. మూడు నాలుగేళ్లకోసారి జరిగే దాని రేడియో సదస్సు చివరిగా 2023లో దుబాయ్‌లో జరిగింది. ఆ తర్వాత ప్రతి దేశంలో నియంత్రణ సంస్థ లైసెన్సులిస్తుంది, తరచుగా వేలంలో. అమెరికాలో ఎఫ్‌సీసీ, బ్రిటన్‌లో ఆఫ్‌కామ్ లాంటి సంస్థలు ఎవరికి ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఇచ్చారో బయటపెడతాయి. వేలం ఫలితాల పత్రం ఒక్కటి దొరికినా సగం పని అయిపోయినట్టే.

అయితే కాగితం మీద ఉన్నది అనుమతి మాత్రమే. ఆపరేటర్ దగ్గర 2300 బ్యాండ్ ఉండొచ్చు, మీ దగ్గరి టవర్ మీద దాని పరికరం పెట్టకపోవచ్చు. నిన్నటిదాకా 3జీ నడిచిన ముక్కను ఇవాళ 4జీకి మార్చి ఉండొచ్చు. లైసెన్సు చూసి "మా ఆపరేటర్‌కు 700 ఉంది, కాబట్టి మా ఇంట్లో 700 వస్తుంది" అనుకుంటే, నా యాంటెన్నా కథే మళ్లీ జరుగుతుంది.

రెండో దారి మీ చేతిలోనే ఉంది. ఐఫోన్‌లో *3001#12345#* కొట్టి కాల్ నొక్కితే ఫీల్డ్ టెస్ట్ తెర వస్తుంది. చాలా శామ్‌సంగ్ ఫోన్లలో *#0011# కొడితే సర్వీస్ మోడ్ వస్తుంది. మిగతా ఆండ్రాయిడ్ ఫోన్లలో *#*#4636#*#* ప్రయత్నించండి, వివరాలు తక్కువే ఇస్తుంది. అన్నిటికన్నా సులువు నెట్‌మాన్‌స్టర్ లాంటి యాప్. ఆండ్రాయిడ్ 7 నుంచి 4జీ ఛానల్ నంబర్‌ను, ఆండ్రాయిడ్ 10 నుంచి 5జీ ఛానల్ నంబర్‌ను యాప్‌లు చదవగలుగుతున్నాయి. లొకేషన్ అనుమతి అడుగుతుంది, భయపడకండి. దగ్గర్లో ఏ టవర్లున్నాయో తెలిస్తే మీరెక్కడున్నారో తెలిసిపోతుంది కాబట్టి ఆండ్రాయిడ్ ఆ రెంటినీ ఒకే అనుమతి కింద పెట్టింది.

ఇప్పుడు తెర మీద నా ఫోన్ చూడండి. నాలుగు అంకెలు చూపిస్తాను. పీసీఐ 217, అది టవర్ మీది ఒక్కో సెల్‌కు, అంటే అది కవర్ చేసే ఒక్కో భాగానికి, ఇచ్చే గుర్తింపు అంకె. ఆర్‌ఎస్‌ఆర్‌పీ మైనస్ 84, అది సిగ్నల్ బలం, సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం. బ్యాండ్‌విడ్త్ 20, అంటే వెడల్పు 20 మెగాహెర్ట్జ్. ఛానల్ నంబర్ 1350. ఈ చివరిదే మనకు కావలసింది. ఇంజినీర్లు దీన్ని ఈఏఆర్‌ఎఫ్‌సీఎన్ అంటారు. నోరు తిరగని పేరు, నేను ఛానల్ నంబర్ అనే అంటాను.

4జీలో టవర్ పంపే ప్రతి బ్యాండ్‌కూ ఒక వరస ఇచ్చారు. 0 నుంచి 599 దాకా బ్యాండ్ 1. 1200 నుంచి 1949 దాకా బ్యాండ్ 3. 2400 నుంచి 2649 బ్యాండ్ 5. 3450 నుంచి 3799 బ్యాండ్ 8. 9210 నుంచి 9659 బ్యాండ్ 28. 38650 నుంచి 39649 బ్యాండ్ 40. మనది 1350 కాబట్టి బ్యాండ్ 3. వరస మొదలు 1200 తీసేయండి, 150 మిగిలింది. ఒక్కో అంకె 0.1 మెగాహెర్ట్జ్. అంటే 15. బ్యాండ్ 3 టవర్ వైపు మొదలయ్యేది 1805 దగ్గర. దానికి 15 కలిపితే 1820. అదీ నా ఫోన్ ఇప్పుడు వింటున్న ఫ్రీక్వెన్సీ. 95 తీసేస్తే 1725, అది నా ఫోన్ పలుకుతున్న ఫ్రీక్వెన్సీ.

ఇక్కడితో ఆగకండి. 1820 అనేది నడిమధ్య. వెడల్పు 20 కాబట్టి అటు పది, ఇటు పది. 1810 నుంచి 1830 దాకా. ఇప్పుడు లైసెన్సు కాగితం తీసి, 1810 నుంచి 1830 ఎవరి పేరు మీద ఉందో చూడండి. మీ ఆపరేటర్ పేరే ఉంటే కాగితమూ గాలీ ఒకే మాట చెబుతున్నాయన్నమాట. వేరే పేరుంటే ఇంకా ఆసక్తికరం: మీ ఆపరేటర్ ఇంకొకరి నెట్‌వర్క్‌ను పంచుకుంటూ ఉండొచ్చు. నాకు ఈ పని మీద మోజు పుట్టింది ఇలా రెండు అంచులూ సరిగ్గా కలిసిన రోజునే.

5జీకి లెక్క ఇంకా తేలిక, బ్యాండ్‌వారీ వరసలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. 3000 మెగాహెర్ట్జ్ లోపు అయితే ఛానల్ నంబర్‌ను 0.005తో గుణించండి. 155600 కనిపిస్తే 778 మెగాహెర్ట్జ్, అంటే ఎన్28. 3000 దాటితే (26 గిగాహెర్ట్జ్ లాంటి మరీ పై బ్యాండ్లకు లెక్క వేరు) 600000 తీసేసి, మిగిలినదాన్ని 0.015తో గుణించి, 3000 కలపండి. 640000 కనిపిస్తే 3600, అది ఎన్78. ఒక్క జాగ్రత్త. 5జీలో ఫోన్ చూపించే నంబర్ తరచుగా టవర్ పంపే పరిచయ సంకేతానిది. అది ఛానల్‌కు నడిమధ్యనే ఉండాలని లేదు. కాబట్టి 4జీలోలాగా అటు సగం ఇటు సగం వేసి అంచులు తేల్చేయకండి.

(సభలో ఒకరు: నా యాప్‌లో బ్యాండ్ 38 అంటోంది, మావాడి ఫోన్‌లో బ్యాండ్ 41 అంటోంది. ఆపరేటర్ ఒక్కడే, చోటు ఒక్కటే. ఏది నిజం?)

రెండూ నిజమేనండి. బ్యాండ్ 41 అంటే 2496 నుంచి 2690. బ్యాండ్ 38 అంటే 2570 నుంచి 2620, పూర్తిగా దాని కడుపులోనే ఉంది. ఒకే ఇంటికి రెండు వీధుల నుంచి రెండు డోర్ నంబర్లు ఉన్నట్టు. అమెరికాలో బ్యాండ్ 4, బ్యాండ్ 66 కూడా ఇంతే. అందుకే టవర్ తన ప్రకటనలో "నాకు ఈ పేరు కూడా ఉంది" అని చెప్పే వీలు పెట్టారు. పాత ఫోన్ తనకు తెలిసిన పేరుతో గుర్తుపడుతుంది. అనుమానం వస్తే బ్యాండ్ నంబర్‌ను పక్కన పెట్టి మెగాహెర్ట్జ్‌లోకి మార్చి పోల్చండి. మెగాహెర్ట్జ్ ఒక్కటే ఉంటుంది.

ఇప్పుడు ఫోన్ పట్టుకుని ఆ తలుపు దాటి లోపలి వరండాలోకి వెళుతున్నాను, తెర చూస్తూ ఉండండి. 1350... 1350... మైనస్ 101, మైనస్ 109... మారింది. 2525. చూశారా? బ్యాండ్ 5. 2525 లోంచి 2400 పోతే 125, అంటే 12.5. 869కి కలిపితే 881.5 మెగాహెర్ట్జ్. ఆర్‌ఎస్‌ఆర్‌పీ మైనస్ 97కి వచ్చింది. గోడలు దాటలేక 1800 చేతులెత్తేస్తే 850 వచ్చి పట్టుకుంది. వెడల్పు మాత్రం 20 నుంచి 5కి పడిపోయింది. గీతలు చూసుకుని "ఇక్కడే సిగ్నల్ బాగుంది" అనుకునేవాళ్లం. నిజానికి ఇక్కడ స్పీడ్ తగ్గుతుంది.

ఫోన్ చెప్పని సంగతులు కూడా ఉన్నాయి. అది తను పట్టుకున్న సెల్ గురించే ప్రధానంగా చెబుతుంది. ఆ టవర్ మీద ఇంకో మూడు బ్యాండ్లు వెలుగుతున్నా కనిపించకపోవచ్చు. ఒకేసారి రెండు మూడు బ్యాండ్లు కలిపి వాడే పద్ధతి ఉంది, క్యారియర్ అగ్రిగేషన్ అంటారు. చాలా యాప్‌లు అందులో మొదటిదాన్నే చూపిస్తాయి. అందుకని ఒక్కచోట ఒక్కసారి చూసి "మా ఆపరేటర్‌కు ఇదొక్కటే ఉంది" అని తేల్చకండి. నడవండి. మిద్దె మీద చూడండి, మెట్ల కింద చూడండి. బ్యాండ్ ఎంచుకునే సెట్టింగ్ ఉన్న రౌటర్ ఉంటే ఒక్కొక్క బ్యాండ్‌నే పెట్టి చూడండి, ఏది పట్టుకుంటే అది ఉన్నట్టు.

5జీ గుర్తు గురించి కూడా చెప్పాలి. చాలా నెట్‌వర్క్‌లలో 5జీ ఒంటరిగా నిలబడదు, 4జీ భుజం మీద చెయ్యి వేసి నడుస్తుంది. "నా దగ్గర 5జీ దొరికే అవకాశం ఉంది" అని 4జీ టవర్ ప్రకటిస్తే చాలు, కొన్ని ఫోన్లు పైన 5జీ అని వేసేస్తాయి. ఆ క్షణంలో డేటా అంతా 4జీ మీదే పోతూ ఉండొచ్చు. 5జీ ఛానల్ నంబర్ కనబడితేనే 5జీ అని నేను లెక్కవేస్తాను.

సెల్ ఐడీ అనే అంకె కూడా రాసిపెట్టుకోండి. 4జీలో దాన్ని 256తో భాగిస్తే వచ్చే పూర్ణాంకం టవర్ నంబర్, శేషం ఆ టవర్ మీది సెల్ నంబర్. ఉదాహరణకు 31604739 కనిపిస్తే టవర్ 123456, సెల్ 3. వారం రోజులు రాస్తే ఒక పద్ధతి బయటపడుతుంది. ఒక ఆపరేటర్ 1, 2, 3 సెల్స్‌ను ఒక బ్యాండ్‌కూ, 11, 12, 13ను ఇంకో బ్యాండ్‌కూ కేటాయిస్తాడు. ఇంకొకడి పద్ధతి ఇంకోలా ఉంటుంది. ఒకసారి అది పట్టుబడితే, కొత్త టవర్ దగ్గరికి వెళ్లినప్పుడు సెల్ నంబర్ చూసి బ్యాండ్ చెప్పేయొచ్చు. సెల్‌మ్యాపర్ లాంటి సేవల్లో జనం పోగుచేసే సమాచారానికి ఆధారం ఇలాంటి అంకెలే.

మూడో దారి గాలినే నేరుగా చూడటం. ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ అని వేలెడంత యూఎస్‌బీ రిసీవర్ ఉంది. మొదట టీవీ చూడటానికి చేసిన చిప్‌తో నడుస్తుంది. చాలామంది దగ్గరుండే రకం సుమారు 24 నుంచి 1766 మెగాహెర్ట్జ్ దాకా వింటుంది. 700, 800, 900 బ్యాండ్లలో టవర్ పలుకు దీనికి అందుతుంది. 1805 దగ్గర మొదలయ్యే బ్యాండ్ 3 టవర్ పలుకు అందదు, ఆ కాస్త దూరంలో ఆగిపోతుంది. తెర మీద 2జీ అయితే 200 కిలోహెర్ట్జ్ వెడల్పుతో సన్నటి పుల్లల్లా నిలబడుతుంది. 3జీ ఐదు మెగాహెర్ట్జ్‌లో గుండ్రటి దిబ్బలా ఉంటుంది. 4జీ నిటారు అంచులతో, పైన చదునుగా, బల్లలా కనిపిస్తుంది. ఈ రిసీవర్ ఒకసారికి రెండు మెగాహెర్ట్జ్‌ల కన్నా కాస్త ఎక్కువ మాత్రమే చూడగలదు కాబట్టి, బల్ల అంచు నుంచి అంచుకు జరుపుకుంటూ పోవాలి. ఆపరేటర్ ఎవరు, ఏ బ్యాండ్, పక్కన ఇంకా ఏ ఫ్రీక్వెన్సీలున్నాయి అన్న సమాచారాన్ని టవర్ అందరికీ వినబడేలా, ఏ రహస్య తాళమూ లేకుండా ప్రకటిస్తూనే ఉంటుంది. లేకపోతే కొత్తగా ఆన్ చేసిన ఫోన్‌కు దారి ఎలా దొరుకుతుంది? మనం చదివేది ఆ ప్రకటననే, ఎవరి సంభాషణనూ కాదు. కానీ వినడం వేరు, ప్రసారం చేయడం వేరు. సిగ్నల్‌ను పెంచి తిరిగి ప్రసారం చేసే బూస్టర్, రిపీటర్ లాంటివి మీ దేశపు నిబంధనలు చూడకుండా పెట్టకండి. సరిగా లేని బూస్టర్ ఒకటి టవర్ కింద ఉన్న అందరి ఫోన్లకూ అడ్డం పడుతుంది.

(సభలో ఒకరు: కొత్త ఫోన్ కొనేటప్పుడు ఏం చూడాలి?)

పెట్టె మీద "4జీ, 5జీ" అని ఉంటే చాలదమ్మా. ఒకే పేరుతో అమ్మే ఫోన్ ఒక్కో ప్రాంతానికి ఒక్కో మోడల్ నంబర్‌తో వస్తుంది, బ్యాండ్లు మారిపోతాయి. వేరే దేశం నుంచి ఎవరైనా తెచ్చిచ్చిన ఫోన్ అయితే మరీ జాగ్రత్త. ముందు మీ ఇంట్లో పాత ఫోన్‌తో ఛానల్ నంబర్లు రాసుకోండి, ముఖ్యంగా లోపలి గదిలో దొరికేవి. తర్వాత కొత్త ఫోన్ మోడల్ నంబర్‌తో దాని బ్యాండ్ల పట్టిక చూడండి. పై బ్యాండ్లలో ఒకటి లేకపోతే స్పీడ్ కాస్త తగ్గుతుంది. లోపలి గదికి వచ్చే ఆ ఒక్క కింది బ్యాండ్ లేకపోతే మాత్రం ఇంట్లో ఫోన్ మూగబోతుంది.

(సభలో ఇంకొకరు: మా ఇంట్లో పగలు ఒక బ్యాండ్, అర్ధరాత్రి ఒక బ్యాండ్ చూపిస్తోంది. ఫోన్ కదలదు, టవరూ కదలదు.)

మంచి పరిశీలన. ప్రతి ఫ్రీక్వెన్సీకీ 0 నుంచి 7 దాకా ఒక ప్రాధాన్యం అంకె వేసి టవర్ ఫోన్లకు చెబుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు ఫోన్ ఆ వరసలో పోతుంది. వాడకంలో ఉన్నప్పుడు రద్దీని బట్టి టవరే దాన్ని ఒక బ్యాండ్ నుంచి ఇంకోదానికి జరుపుతుంది. రాత్రి జనం తగ్గాక, కరెంటు ఆదా కోసం కొన్ని బ్యాండ్ల పరికరాలను నిద్రపుచ్చే ఆపరేటర్లు ఉన్నారు. కాబట్టి మీ నోట్‌బుక్‌లో చోటు, ఛానల్ నంబర్, పీసీఐ, ఆర్‌ఎస్‌ఆర్‌పీ పక్కన టైమ్ కూడా రాయండి. పదకొండు రాత్రులు వరసగా రెండు గంటలప్పుడు 1350 కనబడక 2525 మాత్రమే కనిపించి, తెల్లారి ఆరింటికి 1350 తిరిగి వస్తే, మీ టవర్ మీద ఏ పరికరం ఎప్పుడు పడుకుని ఎప్పుడు లేస్తోందో మీ నోట్‌బుక్కే చెబుతుంది.